ఇంటి వైరింగుకూ ఒక లెక్క ఉండాలి

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో రెండో రోజు చేసిన ప్రసంగ పాఠం)



అన్నం తిన్న తర్వాత మాట్లాడే వంతు మాకు పడింది. కునుకు వచ్చినవాళ్లు సిగ్గుపడకండి. మేము మాట్లాడేది కరెంటు గురించి కాబట్టి మధ్యలో మెలకువ వస్తుందిలెండి.

మన సంఘంలో కరెంటు అనే మాట రాగానే మనసు ఎటు పోతుందో మాకు తెలుసు. చార్జీలు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు, వంగిన స్తంభాలు, చేతికందే ఎత్తులో వేలాడే తీగలు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగిన నాటి నుంచి ఇప్పటిదాకా కరెంటు మీద మనం చేసిన ధర్నాలు లెక్కపెట్టలేం. అవన్నీ మీటరుకు అవతలి సంగతులు. ఈ రోజు మీటరుకు ఇవతల, మన గోడల్లో ఉన్న వైరు సంగతి మాట్లాడతాం. ఎందుకు ఈ సంగతి ఎత్తుకున్నామో ముందు చెప్పాలి. చెప్పాలంటే మా తప్పు ఒప్పుకోవాలి.

మేము ఇల్లు కట్టింది 2009లో. రెండు గదులు, వంటగది, ముందు వసారా. గుమ్మానికి టేకు తలుపు పెట్టించాం, దానికి చెక్కడం కూడా చేయించాం. వైరింగు దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. వైరింగు చేసిన కుర్రాడు మా దగ్గరి వాడే. "బాబాయ్, వంటింటికి వేరే లైను లాగుదాం, బాత్రూముకు ఒక పెద్ద ప్లగ్గు పెడదాం" అన్నాడు. "మనకేం గీజర్లు ఉన్నాయిరా, గదికో ప్లగ్గు చాలు, టీవీకి ఒకటి, సెల్లు చార్జింగుకు ఒకటి" అన్నాం. వాడు లైట్లకు లాగిన సన్న వైరుతోనే ప్లగ్గులు కూడా కలిపేశాడు. 1 స్క్వేర్ ఎంఎం వైరు. ఆ రోజుకు అది సరిపోయింది కూడా. మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ.

ఆ తర్వాత ఏమైంది? మీ ఇళ్లలో అయిందే మా ఇంట్లోనూ అయింది. ఫ్రిజ్ వచ్చింది. మిక్సీ వచ్చింది. ఇస్త్రీ పెట్టె వచ్చింది. కోడలు కాపురానికి వచ్చినప్పుడు ఇండక్షన్ స్టవ్ తెచ్చుకుంది. అమ్మకు చలికాలంలో వేడినీళ్లు కావాలని హీటర్ రాడ్ కొన్నాం. వస్తువులు ఒక్కొక్కటే వచ్చాయి కాబట్టి ఏ ఒక్కటి వచ్చినప్పుడూ గోడలో వైరు గుర్తుకు రాలేదు. ప్లగ్గు చాలకపోతే సంతలో ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్నాం. పెద్ద పిన్ను చిన్న ప్లగ్గులో పట్టకపోతే మధ్యలో పెట్టే కన్వర్టర్ కొన్నాం. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే, ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, మోటారు వైరులోంచి ఒక లావుపాటి రాగి పోగు తీసి కటౌటులో బిగించాం. ఆ తర్వాత ఫ్యూజు ఎన్నడూ పోలేదు. పోలేదని సంతోషించాం.

నాలుగేళ్ల కిందట డిసెంబరులో పత్తి ముందుగదిలో పోసి ఉంచాం. తేమ 12 శాతం దాటితే కొనరు కదా, ఆరనిద్దాం, ఈలోపు ధర కూడా చూద్దాం అనుకున్నాం. కిటికీ మట్టం దాకా పత్తి. టీవీ ప్లగ్గు ఆ గోడకే ఉంది. అక్కడి నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిటికీలోంచి వెనక వసారాకు వెళ్లి, దానికి హీటర్ రాడ్ తగిలించి ఉంది. పొద్దున ఆరు గంటలప్పుడు మా ఇంటావిడ పాలు పిండి లోపలికి వస్తూ "ఏమయ్యా, ఏదో కమురు వాసన వస్తోంది" అంది. మేము మంచం మీద నుంచే "పొయ్యి మీద ఏదో మాడింది చూడు" అన్నాం. ఆవిడ మా మాట నమ్మకుండా ముందుగదిలోకి వెళ్లి, మీటరు దగ్గర మెయిన్ కట్టేసి, అప్పుడు అరిచింది. ప్లగ్గు వెనక ప్లాస్టిక్ కరిగి పత్తి మీద బొట్లు బొట్లుగా పడుతోంది. మూల పత్తి నల్లబడి లోలోపల రాజుకుంటోంది. పత్తి మంట మీకు తెలుసు, పైకి పొగే కనిపిస్తుంది, లోపల పాకుతూనే ఉంటుంది. చేతులతో లాగి బయట పోసి నీళ్లు కుమ్మరించాం. ఒకటిన్నర క్వింటా దాకా పోయింది. ఆవిడ ఇంకో పావుగంట కొట్టం దగ్గరే ఉండి ఉంటే సంవత్సరం పంట, ఇల్లు, లోపల గదిలో పడుకున్న అమ్మ, మనవడు... ఆ మాట ఇంతటితో ఆపుతాం.

ఆ వారంలోనే ఆ కుర్రాడిని పిలిచి కూర్చోబెట్టుకుని లెక్క నేర్చుకున్నాం. మేము పదో తరగతి దాకా చదివినవాళ్లం. మాకు అర్థమైంది కాబట్టి ఇక్కడ అర్థం కానివాళ్లు ఎవరూ ఉండరు.

లెక్క ఒక్కటే. వస్తువు మీద వాట్లు రాసి ఉంటాయి. దాన్ని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మన ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజు కరెంటు 230 వోల్టులు, అందుకని 230. వైరు మోసేది ఆంపియర్లనే. మా హీటర్ రాడ్ 1500 వాట్లు. 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మేము దాన్ని తగిలించిన ప్లగ్గు 6 ఆంపియర్లది. సంతలో కొన్న బాక్సు వెనక తిప్పి చూస్తే దాని మీదా 6 ఆంపియర్లు అనే ఉంది. అదే లైను మీద అదే సమయంలో ఫ్రిజ్ నడుస్తోంది, వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద టీ మరుగుతోంది. స్టవ్ ఒక్కటే 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. అంతా కలిపి 16 ఆంపియర్లు దాటింది. గోడలో ఉన్న 1 స్క్వేర్ వైరు పైపులో చల్లగా మోయగలిగింది పదీ పదకొండు ఆంపియర్లు. ఇంకో సంగతి ఆ కుర్రాడు చెప్పాడు, అది మా బుర్రలో బాగా నాటుకుంది. వైరులో కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఆ వేడి కూడా వైరు పొడవునా సమంగా ఉండదు. ఎక్కడ స్క్రూ వదులుగా ఉందో, ఎక్కడ రెండు పోగులు మెలిపెట్టి టేపు చుట్టారో అక్కడ కూర్చుంటుంది. మా ప్లగ్గు వెనక జరిగింది అదే.

ఫ్యూజు పోయి ఉంటే అంత జరిగేది కాదు. ఫ్యూజు ఉన్నదే వైరును కాపాడటానికి. ఫ్రిజ్‌ను, టీవీని కాపాడటానికి అని మనలో చాలామంది అనుకుంటాం. కాదు. గోడలో వైరు కాలిపోయే ముందు తాను తెగిపోవడం దాని పని. అది పదే పదే తెగుతోందంటే లోడు ఎక్కువైందని చెబుతోంది. మేము చెప్పేవాడి నోరు నొక్కేశాం.

మోటారు విషయంలో మనకు ఈ తెలివి ఉంది, ఇంటి విషయంలోనే ఎందుకో లేదు. 5 హెచ్‌పీ మోటారు దింపేటప్పుడు ఏ వైరు వేయాలి, స్తంభం నుంచి బోరు ఎంత దూరం, స్టార్టరు ఏ సైజు అని పదిమందిని అడుగుతాం. ఎవరైనా బల్బు వైరుతో మోటారు నడుపుతానంటే నవ్వుతాం. అదే మనిషి ఇంటికొచ్చి బల్బు వైరు మీద 2000 వాట్ల స్టవ్ నడుపుతాడు.

ఇక ఇల్లు కట్టుకునేవాళ్లు, పాత ఇంటికి వైరింగు మార్చుకునేవాళ్లు ఎలా లెక్క వేసుకోవాలో చూద్దాం. ఊళ్లలో ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల పని చాలా చోట్ల నడుస్తోంది. గోడలకు ప్లాస్టరింగు కాకముందే ఈ లెక్క కావాలి. ప్లాస్టరింగు అయ్యాక పైపు లావు పెంచాలంటే గోడ పగలగొట్టాలి.

చాలామంది ఎన్ని ప్లగ్గులు కావాలి అని మొదలుపెడతారు. ప్లగ్గుల సంఖ్యతో లోడు తేలదు. సెల్ఫోన్ చార్జర్లు పది పెట్టినా ఒక ఇస్త్రీ పెట్టెకు సమానం కావు. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరు చార్జింగు కూడా చిన్నదే, ఒక ఫ్యాను పాటి లోడు ఉండదు. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు, మామూలు ఫ్యాను 75, టీవీ వంద లోపు. ఇవి ఇల్లంతా కలిపినా 500 వాట్లు దాటవు, అంటే రెండు ఆంపియర్ల పైచిలుకు. వీటితో పేచీ లేదు.

పేచీ అంతా వేడి పుట్టించేవాటితో. నీళ్లు కాచేది, అన్నం వండేది, బట్టలు ఇస్త్రీ చేసేది. రాడ్ 1000 నుంచి 1500, గీజరు 2000 నుంచి 3000, ఇండక్షన్ 2000, కరెంటు కుక్కరు 700, ఇస్త్రీ పెట్టె 750 నుంచి 1000. బట్టలుతికే మిషను మామూలుగా 500 లోపే, అందులో నీళ్లు వేడి చేసే రకమైతే 2000 దాకా పోతుంది. కొనేటప్పుడు ఆ మాట అడగండి.

తర్వాత తిప్పేవి. నీళ్ల మోటారు, గడ్డి కోసే మిషను, మిక్సీ. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు అని పుస్తకంలో ఉంటుంది. అది మోటారు చేసే పని. లోపలికి లాగే కరెంటు 1000 వాట్ల దాకా ఉంటుంది. స్విచ్ వేసిన క్షణంలో ఐదారింతలు లాగి, తిరగడం మొదలుపెట్టాక దిగుతుంది. మన ఊళ్లలో లైను చివరి ఇళ్లకు సాయంత్రం 180 వోల్టులు కూడా రావు. వోల్టేజి పడితే రాడ్ తక్కువ కరెంటు తీసుకుని నీళ్లు ఆలస్యంగా కాస్తుంది, అంతే. మోటారు అలా కాదు. అదే పని చేయడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. పాడి ఉన్న ఇంట్లో గడ్డి మిషను 2 హెచ్‌పీ అయితే పది, పన్నెండు ఆంపియర్లు లెక్క వేసుకోవాలి. దాన్ని వసారాలో చిన్న ప్లగ్గుకు తగిలించి నడిపేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పం.

ఇప్పుడు వస్తువుల పక్కన గంటలు రాయండి. అన్నీ ఒకేసారి నడవవు కదా అని వైరింగు చేసేవాళ్లు అంటారు, నిజమే. మరి ఏవి ఒకేసారి నడుస్తాయి? ఆ జవాబు ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఉంటుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మా ఇంటి లెక్క ఇది. రాడ్ 1500, స్టవ్ 2000, పచ్చడికి మిక్సీ 750, ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు 1000, ఫ్రిజ్ 200, లైట్లు ఫ్యాన్లు 150. కలిపితే 5600 వాట్లు. 24 ఆంపియర్లు. మధ్యాహ్నం మూడు గంటలకు అదే ఇల్లు 300 వాట్ల మీద నడుస్తుంది. వైరును మధ్యాహ్నం చూసి వేయకూడదు, పొద్దున చూసి వేయాలి. కాబట్టి వైరింగు మాట్లాడే రోజు ఇంటి ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మేము 2009లో కూర్చోబెట్టుకోలేదు.

ఇన్నేసి వాట్లు ఒకే వైరు మీద పెట్టకుండా లైన్లుగా పంచుకోవాలి. ఒకే బోదె మీద పది తూములు పెడితే చివరి మడి ఎలా ఎండుతుందో మనకు వేరే చెప్పాలా? ప్రభుత్వ భవనాలు కట్టే కేంద్ర ప్రజా పనుల శాఖకు ఒక పద్ధతి ఉంది. లైట్లు, ఫ్యాన్ల లైను ఒక్కోదాని మీద 10 పాయింట్లు లేదా 800 వాట్లు, ఏది తక్కువైతే అది. ఇళ్లలో పవర్ ప్లగ్గుల లైను మీద 16 ఆంపియర్లవి రెండుకు మించకూడదు, లేదా ఒక పెద్దదీ రెండు చిన్నవీ. వాళ్లకు ఉన్న కొలత మనకూ పనికొస్తుంది.

మా ఇంటికి చివరికి ఇలా మార్పించాం. లైట్లు ఫ్యాన్లు టీవీ ఒక లైను, 1.5 స్క్వేర్ రాగి వైరు, దానికి 10 ఆంపియర్ల ఎంసీబీ. వంటింట్లో ఫ్రిజ్, మిక్సీ, కుక్కరుకు ఒక లైను, 2.5 వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. ఇండక్షన్ స్టవ్‌కు విడిగా ఇంకొకటి. దాన్ని వంటింటి లైనులోనే కలుపుదామా అని ఆలోచించి కలపలేదు, ఎందుకంటే ఆ రెండూ ఒకే గంటలో నడుస్తాయి. బాత్రూముకు గీజరు ఇప్పుడు లేదు, అయినా 4 స్క్వేర్ వైరు లాగి 20 ఆంపియర్ల ఎంసీబీ పెట్టాం. ఎప్పటికైనా కొంటారు. నీళ్ల మోటారుకు, గడ్డి మిషనుకు వసారాలో విడి లైను, దానికి సీ రకం ఎంసీబీ. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే పోటుకు అది అనవసరంగా పడిపోదు. ఎలక్ట్రిక్ బండి కొనాలనుకునేవాళ్లు దానికి కూడా వసారాలో విడిగా పెద్ద ప్లగ్గు పెట్టించుకోండి. బండి చార్జింగు వాట్లు మరీ ఎక్కువ కాకపోయినా నాలుగైదు గంటలు ఆగకుండా సాగుతుంది. ఐదు నిమిషాలు నడిచే మిక్సీని ఓర్చుకునే వదులు స్క్రూ, అంతసేపు వేడిని ఓర్చుకోదు.

ఎంసీబీ సైజు విషయంలో ఒక హెచ్చరిక. అది వైరును బట్టి ఉండాలి గానీ వస్తువును బట్టి కాదు. పడిపోతోందని 16 తీసి 32 పెట్టిస్తే, మేము రాగి పోగు బిగించిన దానికీ దానికీ తేడా లేదు.

పిన్నుల మాట కూడా చెప్పుకోవాలి. మన చిన్న ప్లగ్గు, పెద్ద ప్లగ్గు, ఈ గుండ్రటి పిన్నుల పద్ధతి బ్రిటిష్ వాళ్ల నాటిది. వాళ్లు 1947లో చదరపు పిన్నుల కొత్త రకానికి మారి, పిన్ను టాపులోనే ఫ్యూజు పెట్టుకున్నారు. మనం పాత రకమే ఉంచుకున్నాం. మన పిన్నులో ఫ్యూజు లేదు. అందులో ఉన్న ఒకే ఒక్క కాపలా సైజు. పెద్ద పిన్ను చిన్న ప్లగ్గులో దూరదు. దూరకపోవడం మన మేలుకే. కన్వర్టర్ ఆ కాపలాను తీసేస్తుంది. ఇప్పుడు రెండు రకాల పిన్నులూ పట్టే ప్లగ్గులు వస్తున్నాయి, చూడటానికి బాగుంటాయి. దాని వెనక 1.5 వైరు ఉంటే ఆ ప్లగ్గు మిమ్మల్ని మోసం చేస్తున్నట్టే. అలాంటిది పెట్టిస్తే వెనక వైరు కూడా పెద్దదే ఉండాలి.

ఇంతవరకూ నిప్పు సంగతి. షాకు సంగతి వేరు, దానికి లోడుతో పని లేదు. ఎంసీబీ షాకు నుంచి కాపాడదు. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో కట్టేస్తుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోవాలి. రెండు వేలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. దాని మీద ఒక టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కితే పడిపోవాలి, పడకపోతే మార్చాలి. మేము జీతగాళ్లకు, పాలవాడికి లెక్క చూసే రోజున నొక్కుతాం, అలాగైతే మరిచిపోం.

కొందరు పెట్టించుకుని మూడో రోజే తీయించేశారు. మా వైపు ఒక రైతు కూడా అంతే. "అది మాటిమాటికీ పడిపోతోంది, ఎందుకూ పనికిరాదు" అన్నాడు. వెళ్లి చూస్తే ఇంటి వెనక కొట్టంలో బల్బుకు ఒక ఫేజు వైరు లాగి, రెండో కొసను భూమిలో గుచ్చిన ఇనప కడ్డీకి కట్టాడు. బావి కాడ షెడ్డుల్లో మనం చేసే పనే. బల్బు వెలుగుతుంది. వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాదు, భూమిలో పోతుంది. ఆర్‌సీసీబీ దాన్ని మనిషికి షాకు కొట్టినట్టే లెక్క కట్టి పడిపోతుంది. అది పనికిరాక కాదు, పని చేసింది. ఆ కడ్డీ దగ్గర తడి నేల మీద గేదె కాలు పెట్టినా, పిల్లవాడు చెయ్యి పెట్టినా ఏమవుతుందో ఆలోచించండి. కొట్టానికి రెండు వైర్లూ లాగితే అది పడిపోవడం మానేసింది.

ఎర్తు గురించి క్లుప్తంగా. ఇంటి గోడకు కనీసం ఐదడుగుల దూరంలో, ఎనిమిదడుగుల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు. ఎండాకాలం దానికి నీళ్లు పోయాలి. మేము ఎర్తు గుంత పక్కనే కరివేపాకు చెట్టు పెట్టాం, చెట్టు కోసం పోసే నీళ్లు దానికీ అందుతాయి. కుళాయి పైపుకు ఎర్తు కలిపే పాత అలవాటు మానుకోండి, ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్. ప్రతి ప్లగ్గుకూ మూడో పిన్ను వెనక ఆకుపచ్చ వైరు నిజంగా ఉందో లేదో ఒకసారి విప్పించి చూడండి. చాలా ఇళ్లలో మూడో కన్ను ఉంటుంది, దాని వెనక ఏమీ ఉండదు. ప్లగ్గు ఎదురుగా నిలబడి చూస్తే పైన ఎర్తు, కుడి పక్క ఫేజు, ఎడమ పక్క న్యూట్రల్ ఉండాలి. స్విచ్ ఫేజు మీదే ఉండాలి. టెస్టరుతో మీరే చూసుకోవచ్చు. విప్పడం మాత్రం తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఇప్పుడు సంఘానికి సంబంధించిన మాట. దీని మీద మనలో ఒకే అభిప్రాయం లేదు, పోయిన కమిటీలో గట్టిగానే వాదించుకున్నాం.

మన ఇళ్ల సర్వీసులు చాలా వరకు అర కిలోవాటు, ఒక కిలోవాటు అని రాయించుకున్నవి. మా ఇంటి లెక్క ఇందాక చూశారు, పొద్దున ఐదున్నర కిలోవాట్లు. లోడు పెంచి రాయించుకుంటే డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. అందుకే ఎవరూ రాయించరు. గృహజ్యోతి వచ్చాక మాకు చాలామంది చెప్పిన మాట, "200 యూనిట్ల లోపు జీరో బిల్లే కదా, ఇంక లోడు గొడవ ఎందుకు" అని. యూనిట్ వేరు, లోడు వేరు. 1000 వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఐదున్నర కిలోవాట్లు రోజుకు అరగంట నడిపితే నెలకు 80 యూనిట్లు చిల్లర, బిల్లు జీరోయే. ఆ అరగంటలో వైరు మాత్రం 24 ఆంపియర్లు మోస్తుంది. వైరుకు జీరో బిల్లు లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వద్దాం. 40 ఇళ్ల వాడకు 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. ఇంటికి అర కిలోవాటు చొప్పున కాగితం మీద 20 కిలోవాట్లు, అంతా బాగున్నట్టే. చలికాలం పొద్దున్నే ఇంటికొక రాడ్ పెడితే 60 కిలోవాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మనం జెండాలు పట్టుకుని పెద్దది వేయమని వెళ్తాం. అక్కడ కూర్చున్నాయన రిజిస్టరు మన ముందు పెట్టి "మీ వాడ లోడు 20 కిలోవాట్లే, 25 చాలు" అంటాడు. మాకు ఈ అనుభవం రెండుసార్లు అయింది. రెండోసారి మా దగ్గర జవాబు లేక తిరిగి వచ్చాం.

ఒక పక్షం ఏమంటుందంటే, లోడు రాయించడమంటే మనంతట మనం భారం నెత్తికెత్తుకోవడమే, రేపు సబ్సిడీ కోతకు అదే ఆధారం అవుతుంది, వద్దు అని. ఆ భయం ఊరికే పుట్టలేదు, మేము కాదనం. మా అభిప్రాయం మాత్రం వేరు. అబద్ధం కాగితంతో మనం పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగలేం. ప్రమాదం జరిగినప్పుడు కూడా మొదట తీసేది ఆ కాగితమే. ఎక్స్‌గ్రేషియా ఫైలు పట్టుకుని ఒక కుటుంబం వెంట మేము తిరిగాం. లోపం మీటరుకు అవతలా, ఇవతలా అన్న ప్రశ్న దగ్గరే ఆ ఫైలు ఏడాది ఆగింది. కాబట్టి మా ప్రతిపాదన, లోడు నిజం రాయిద్దాం, చార్జీలు వాయిదాల్లో కట్టించుకోవాలని, పేద ఇళ్లకు మాఫీ చేయాలని పోరాడదాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగి ఇళ్లలోకి 400 వోల్టుల దాకా వచ్చి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతే ఆ నష్టం ఎవరు భరించాలో కూడా అప్పుడే తేల్చుకుందాం. అది ముమ్మాటికీ మీటరుకు అవతలి పని. మీరు కాదంటే కాదనండి, సాయంత్రం తీర్మానాల దగ్గర చర్చిద్దాం.

ఈలోపు ఒక పని పెట్టుకున్నాం. ప్రతి గ్రామ కమిటీకి ఒక కాగితం ఇస్తున్నాం. అందులో వస్తువు పేరు, వాట్లు, ఏ గంటకు నడుస్తుంది, ఏ ప్లగ్గుకు తగిలిస్తారు అని నాలుగు గడులు. ఊరికి ఇరవై ఇళ్లు చాలు. ముందు పత్తి, మిర్చి ఇంట్లో నిల్వ పెట్టే ఇళ్లకు వెళ్లండి. ఆ గదిలో గోడ ప్లగ్గు ఏదైనా వాడుతున్నారా, కటౌటులో ఏ తీగ ఉంది, ఈ రెండూ తప్పకుండా చూడండి. నిల్వ ఉన్నన్నాళ్లు ఆ గది లైను కట్టేసి ఉంచమని చెప్పండి. ఐటీఐ చదివిన పిల్లలు ఊళ్లో ఉంటే వెంట తీసుకెళ్లండి, వాళ్లకు బండి పెట్రోలు ఖర్చు కమిటీ ఇస్తుంది. ఆ కాగితాల కట్ట పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి మళ్లీ అడగడానికి వెళ్తాం.

మా ఇంట్లో కరిగిన ఆ ప్లగ్గు పారేయలేదు, సంచిలో తెచ్చాం. వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి అందరూ ఒకసారి చేత్తో పట్టుకుని చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. ఈలోపు ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు.